చావు తప్పిన క్రిమికి పథ్యం

2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో వాంతులు, విరేచనాలు ప్రబలినప్పుడు అందరి అనుమానమూ తాగునీటి మీదికే పోయింది. ఎక్కడైనా ఇలాంటప్పుడు జరిగేవి రెండే పనులు. ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతారు, నీటి నమూనా ల్యాబుకు పంపుతారు. ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి రిపోర్టు మారిపోవచ్చు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ దెబ్బకు చాలా క్రిములు చస్తాయి. కొన్ని మాత్రం చావు తప్పి కన్ను లొట్టపోయి మిగులుతాయి. అవి ల్యాబు ప్లేటు మీద మొలవకపోవచ్చు, కడుపులోకి వెళ్తే మాత్రం తేరుకోగలవు.

ప్లేటు కథ 1881 నాటిది. ఎండాకాలంలో క్రిములను పెంచే జెలటిన్ కరిగిపోతోందని, జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సే తల పట్టుకుంటే, ఆయన భార్య ఫానీ వంటింటి అగర్ వాడి చూడమంది. మనం చైనా గ్రాస్ అనేది దాన్నే. 1905లో మెకాంకీ అనే శాస్త్రవేత్త దానికి లాక్టోజ్, న్యూట్రల్ రెడ్ రంగు, పైత్యరస లవణాలు జోడించాడు. పేగుల్లో పెరిగే క్రిములకు పైత్యరసం అలవాటే, బయటివి చాలావరకు తట్టుకోలేవు. మంచి ఎత్తే. కానీ క్లోరిన్‌తో పైపొర దెబ్బతిన్న పేగు క్రిమికి ఆ లవణాలే విషమయ్యాయి. నీళ్లలో క్రిమి ఉన్నా ప్లేటు ఖాళీగా కనిపించేది.

జ్వరం తగ్గినవాడికి ఆవకాయ అన్నం పెట్టం, జావ పోస్తాం. ఈ సంగతి క్రిములను పెంచే మేత (మీడియా) తయారుచేసేవాళ్ల తలకెక్కడానికి దశాబ్దాలు పట్టింది. 1983లో అమెరికాలో లెషెవాలియర్, కామెరాన్, మెక్‌ఫీటర్స్ పైత్యరస లవణాలు మానేసి ఎం-టీ7 తయారుచేశారు. 1985లో రీజనర్, గెల్డ్రీచ్ పోషకాలు తగ్గించి ఆర్2ఏ చేశారు. దెబ్బతిన్న క్రిమి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సరిగా విరగ్గొట్టుకోలేదు కాబట్టి, ఆ పని చేసే పైరువేట్‌ను కొన్ని మీడియాల్లో కలుపుతారు. ఆహారంలో సాల్మోనెల్లా వెతికేవాళ్లు నమూనాను ముందు ఒక రాత్రి బఫర్డ్ పెప్టోన్ నీటిలో ఉంచి, తర్వాతే కఠిన మీడియాలోకి మారుస్తారు. అయినా బతికుండీ ఏ ప్లేటు మీదా మొలవనివి ఉంటాయని రీటా కోల్వెల్ బృందం 1982లోనే కలరా క్రిముల మీద చూపించింది.

నా దృష్టిలో ఇంతకన్నా ముఖ్యం నమూనా సీసా. అందులో ముందే కాస్త సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచుతారు. నీళ్లు పట్టగానే అది క్లోరిన్‌ను విరిచేస్తుంది, దారిలో క్రిముల మీద దాడి ఆగుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుని ఆ సీసాను కుళాయి కింద తొలిపితే మందు కాస్తా పోతుంది. తర్వాత ఎం-టీ7 వాడినా చచ్చినవాటిని మొలిపించలేదు.