కారుకి కరెంటు, ఇంటికి ఎర్తు

మా కోడలు కారు కొన్నానని చెప్పగానే నేనడిగిన మొదటి ప్రశ్న, "మన గల్లీలోకి వస్తుందా?" అని. నయాపూల్ దిగి పక్క గల్లీల్లోకి మళ్లితే రెండు ఆటోలు ఎదురుపడ్డప్పుడు ఒకటి వెనక్కి పోవాల్సిందే మరి. కారు వచ్చింది. వాకిట్లో నిమ్మచెట్టు పక్కన ఒదిగి నిలబడింది కూడా. అసలు తంటా రాత్రికి మొదలైంది. అది పెట్రోలు కారు కాదు, కరెంటు కారు.

మా అబ్బాయి వరండాలో ఫ్రిజ్ ప్లగ్గు పీకి కారు తీగ తగిలించాడు. తీగ మధ్యనున్న చిన్న పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. ఎన్నిసార్లు పీకి పెట్టినా అంతే.

"ఈ ప్లగ్గులో ఎర్తు లేదట, అందుకే తీసుకోవడం లేదు" అన్నాడు.

మా మరిది దగ్గర అన్నిటికీ ఉపాయాలుంటాయి. "న్యూట్రల్‌ని ఎర్తు పిన్నుకి కలిపెయ్యండి వదినా, పచ్చలైటు అదే వస్తుంది. మా స్నేహితుడు అలాగే చేశాడు" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. చిన్నప్పుడు మా పుట్టింట్లో బట్టలారేసే తీగకి కరెంటు పాకి మా అమ్మ పడిపోవడం చూసినదాన్ని. బతికింది గాని, ఆవిడ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ సరిగా వంగలేదు. ఆ చేత్తోనే మాకు అన్నాలు కలిపి పెట్టింది. పొద్దున్న మేస్త్రీ వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దన్నాను. ఆ రాత్రి కారు పస్తే.

నిద్రపట్టక ఈ కరెంటు కార్ల కథ చదువుతూ కూర్చున్నాను. ఇదేదో నిన్నమొన్నటి వింత అనుకున్నానా, కాదు సుమండీ! 1912 నాటి అమెరికా ఫొటో ఒకటుంది. నేలకు జీరాడే గౌనూ టోపీ వేసుకున్న ఒకావిడ తన కొలంబియా కారుకి ఇంటి దగ్గరే కరెంటు పెడుతోంది. పక్కన బీరువాలాంటి యంత్రం. మన ఇళ్లకొచ్చే కరెంటు అటూ ఇటూ ఊగే ఏసీ, బ్యాటరీ పుచ్చుకునేది ఒకే దిక్కుకి పారే డీసీ. ఒకదాన్ని రెండోదిగా మార్చాలి. పీటర్ కూపర్ హ్యూయిట్ 1902లో కనిపెట్టిన పాదరసం రెక్టిఫయర్ ఆ పని చేసేది. గాజుబుడ్డిలో నీలికాంతి మిణుకుమిణుకుమంటూ రాత్రంతా వెలుగుతుంటే కారుషెడ్డు దయ్యాలకొంపలా ఉండేదేమో! ఇప్పుడు ఆ బీరువా అంతా కారు కడుపులోకి వెళ్లిపోయింది. మనం గోడకి పెట్టించుకునే పెట్టె నిజానికి కాపలాదారు. ఎర్తు ఉందా, తీగ సరిగా తగిలిందా అని చూసి లోపలికి వదులుతుంది.

ఆ రోజుల్లో ఇవి ఆడవాళ్ల కార్లని పేరు. పెట్రోలు కారుకి ముందు నిలబడి ఇనపకడ్డీ తిప్పాలి. అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. కరెంటు కారుకి ఆ బాధ లేదు, పొగా లేదు, చప్పుడూ లేదు. పెట్రోలు కార్లమ్మి కోటీశ్వరుడైన హెన్రీ ఫోర్డు భార్య క్లారా ఏ కారు నడిపిందనుకున్నారు? 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్! ఇంటాయన సరుకు మీద ఇల్లాలి అభిప్రాయం అదన్నమాట. కాని 1912లోనే కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కారులోకి వచ్చింది. కడ్డీ తిప్పే పని పోయింది, పెట్రోలు కారు ఆడవాళ్లకీ సులువైంది, చవకైంది. కరెంటు కార్లు మెల్లిగా మూలపడ్డాయి. మన దేశంలో బెంగుళూరు నుంచి రేవా వచ్చేసరికి 2001.

మరి అప్పుడు మన నయాపూల్ ఎలా ఉంది? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్ పుల్‌ని పట్టుకుపోయింది. ఆ చోట మళ్లీ కట్టుకున్నదే మన వంతెన. పక్కన హైకోర్టు భవనం ప్రారంభమైన 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం మొదలైంది. 1990లలో దాన్ని కూల్చేశారు. ఆ కరెంటు ముందు దివాణాలకి వెళ్లింది, గల్లీలకి ఎప్పటికో గాని రాలేదు. మా మామగారు రెండు దీపాలకీ ఒక ఫ్యానుకీ చెక్కపట్టీల మీద వేయించిన తీగల మీదే తర్వాత మేము రేడియో, మిక్సీ, ఫ్రిజ్, టీవీ అన్నీ మోపాం. మూడోపిన్ను ఎక్కడికీ కలవలేదన్న సంగతి కారు చెప్పేదాకా మాకు తెలియదు.

మర్నాడు లైసెన్సున్న మేస్త్రీ వచ్చాడు. మీటరు దగ్గర్నుంచి వరండా దాకా తిరిగి చూసి నవ్వాడు.

"అమ్మా, ఫ్రిజ్ కాసేపు గుంజి ఆగుతది. ఇది గంటల తరబడి ఆగకుండ గుంజుతది. జాయింటు లూజున్న కాడ కాలుతది. మీటరు నుంచి వేరే లైన్ వెయ్యాలె."

మరిది ఉపాయం చెప్పాను. నవ్వు పోయింది.

"న్యూట్రల్ స్తంభం కాడ తెగిందనుకోండి, కారు మొత్తం కరెంటయితది. పొద్దుగాల పిలగాడు తలుపు పట్టుకుంటడు."

మా మనవడు అప్పటికే అద్దంలో మొహం చూసుకుంటూ ఆ తలుపు పట్టుకునే ఉన్నాడు. మరిది మారు మాట్లాడలేదు.

కోడలు ఏడు కిలోవాట్ల పెద్ద పెట్టె కావాలంది. రోజుకి ఎన్ని కిలోమీటర్లని అడిగాడు మేస్త్రీ. ముప్ఫై. "దానికి నాలుగైదు యూనిట్లు చాలమ్మా, పదిహేను ఆంపియర్లదే పెట్టుకోండి, రెండు గంటల్ల అయిపోతది" అన్నాడు. పెద్దది అమ్ముకునే అవకాశం వదులుకున్న మనిషి మీద నాకు గురి కుదిరింది.

మంజూరైన లోడు పెంచమని మావారు దరఖాస్తు పెట్టారు. గొయ్యికి మాత్రం గొణిగారు, "నేలలో పాతేదానికి ఇంత ఖర్చా?" అని. నిమ్మచెట్టుకి దూరంగా తవ్వి, ఇనపగొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా పోసి నీళ్లతో తడిపారు. మేస్త్రీ మీటరు పెట్టి కొలిచాడు. అయిదు ఓములకి లోపు వస్తేనే తీగ కలుపుతానన్నాడు. మొదటిసారి రాలేదు. రెండో గొట్టం దించాక వచ్చింది. కరెంటు కాస్త పక్కదారి పట్టినా రెప్పపాటులో ఆపేసే ఆర్‌సీసీబీ బిగించి, నెలకోసారి దాని బొత్తాం నొక్కి చూడమని నాకే అప్పజెప్పాడు. పెట్టెను నా భుజాలెత్తున పెట్టించాను. 2025 సెప్టెంబరులో మూసీ ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చింది కదా!

ఆ రాత్రి పచ్చలైటు వెలిగింది. మనవడికి బొత్తాం చూపించి, నా చేత నొక్కించుకున్నాడు. టక్కుమని ఆగింది. మళ్లీ వేశాం. ఇప్పుడు పొద్దున్నే తులసికోటకి నీళ్లు పోశాక చెంబు పట్టుకుని ఆ గొయ్యి దగ్గరికీ వెళ్తున్నాను. పొడిబారితే ఎర్తు పనిచెయ్యదట. ఎదురింటి వదినగారు గోడమీంచి చూసి, "ఆ మూత కింద ఏం నాటావు వదినా?" అని నిన్న కూడా అడిగింది.