స్వింగ్ లయలో గిటారు పాత్ర

1930వ దశకంలో స్వింగ్ సంగీతం అమెరికా అంతటా ప్రజాదరణ పొందింది. ట్రంపెట్లు, శాక్సోఫోన్ల హోరులో గిటారు ఎలా నిలిచిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

అంతకుముందు జాజ్ బృందాలలో లయ బాధ్యత ఎక్కువగా బాంజోది. 1922లో గిబ్సన్ సంస్థ ఎల్-5 గిటారును తయారు చేసింది. వయొలిన్‌లాగా పైపలక ఉబ్బెత్తుగా, లోపల బోలుగా ఉండే ఈ వాద్యం విద్యుత్తు లేకుండానే గట్టిగా పలికేది. క్రమంగా ఇటువంటి గిటార్లు బాంజో స్థానాన్ని ఆక్రమించాయి.

ఈ వాదనశైలికి ఫ్రెడ్డీ గ్రీన్ ఉత్తమ ఉదాహరణ. ఆయన 1937లో కౌంట్ బేసీ బృందంలో చేరి, 1987లో మరణించే వరకు దాదాపు 50 ఏళ్లు అందులోనే వాయించారు. నాలుగు దెబ్బల తాళంలో ప్రతి దెబ్బకూ ఒక మీటు. వెంటనే ఎడమచేతి వేళ్ల ఒత్తిడి సడలించి నాదాన్ని ఆపడం ఆయన పద్ధతి. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ విద్యుత్ గిటారుతో ఏకవాద్యకారునిగా పేరు పొందారు. గ్రీన్ మాత్రం లయనే నమ్ముకున్నారు.

బేసీ రికార్డులలో గ్రీన్ గిటారు డ్రమ్ములతో, బాస్‌తో కలిసిపోయి, విడిగా వినిపించడం అరుదు. కనుక చరిత్ర విద్యార్థులుగా మీరు గుర్తుంచుకోవలసినది ఇది: ఆధారాలలో స్పష్టంగా వినిపించనంత మాత్రాన ఒకరి పాత్ర లేదని నిర్ణయించరాదు.