ఆడపిల్లల ఆటకు విజిల్ ఎవరి చేతికి?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

పోయినేడు మా హాస్టళ్ల ఆటల పోటీల్లో రెండు కబడ్డీ ఫైనల్స్ జరిగాయి. మగపిల్లల ఫైనల్ సాయంత్రం చల్లపూట. ఒక రిఫరీ, కోర్టుకు అటొకరు ఇటొకరు అంపైర్లు, స్కోరర్, ఆయనకు ఇద్దరు సహాయకులు. ఆడపిల్లల ఫైనల్ మిట్టమధ్యాహ్నం. ఒక్క సారు, ఒక్క విజిల్. చివర్లో మా అక్క ఒకామె రైడ్‌కి వెళ్లి బోనస్ లైన్ దాటింది. సారు అవతలి పక్కన ఉన్నారు, కనబడలేదు. పాయింట్ రాలేదు. ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయాం. పై పోటీలకు వెళ్లే అవకాశం పోయింది. అడిగితే, "ఆడపిల్లల మ్యాచే కదమ్మా, ఇంతమంది ఎందుకు?" అన్నారు.

ఆ సారును తిట్టడానికి ఇది రాయట్లేదు. ఒక్క మనిషి రెండు పక్కలా ఎట్లా చూస్తాడు? ఆయన్ని ఒక్కడినే ఏ లెక్కన వేశారు అన్నదే మా ప్రశ్న. ఈ లెక్క మన దగ్గరే ఉందా, అంతటా ఉందా అని వెతికితే పెద్ద చరిత్రే కనబడింది.

1991లో చైనాలో మొదటి మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగింది. 12 జట్లు, 26 మ్యాచ్‌లు. ఆడింది అందరూ ఆడవాళ్లే. కానీ మెయిన్ రిఫరీగా ఒక మహిళకు దక్కింది ఒక్కటే మ్యాచ్. మూడో స్థానం కోసం జరిగిన ఆ ఆటకు బ్రెజిల్‌కు చెందిన క్లాడియా వాస్కోన్సెలోస్ విజిల్ వేసింది. ఫైనల్ మళ్లీ మగ రిఫరీకే. నాలుగేళ్లకు, 1995లో, స్వీడన్‌కు చెందిన ఇంగ్రిడ్ జాన్సన్ ఫైనల్ నడిపింది. 1999లో మొత్తం టోర్నీకి రిఫరీలు, అసిస్టెంట్లు అందరూ మహిళలే. ఎనిమిదేళ్లలో ఒక్క మ్యాచ్ నుంచి అన్ని మ్యాచ్‌ల దాకా వచ్చారు.

"ఆడవాళ్లలో రిఫరీలు ఎక్కడున్నారు?" అని మన దగ్గర ఇంకా అంటుంటారు. మ్యాచ్ ఇవ్వకపోతే అనుభవం ఎట్లా వస్తుంది? అనుభవం లేదని మళ్లీ మ్యాచ్ ఇవ్వరు. వేయడం మొదలుపెడితేనే ఈ ముడి విడుతుంది.

ఇంకో సంగతి. ఆడవాళ్లు ఆడవాళ్ల ఆటకే విజిల్ వేయాలి అంటే అది కూడా ఒక కంచే. ఆ కంచె దాటడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 2017లో అబ్బాయిల అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. కోల్‌కతాలో ఒక మ్యాచ్‌ను స్విట్జర్లాండ్ రిఫరీ ఎస్తర్ స్టౌబ్లి నడిపింది. మగవాళ్ల పెద్ద ప్రపంచ కప్‌లో మాత్రం 2022 డిసెంబర్ 1న, ఖతార్‌లో, జర్మనీ-కోస్టారికా మ్యాచ్‌కు ఫ్రాన్స్ రిఫరీ స్టెఫానీ ఫ్రాపార్ విజిల్ వేసేదాకా ఆగాల్సి వచ్చింది. 1991 నుంచి లెక్కేస్తే 31 ఏళ్లు!

మన తెలుగు నేల మనిషి కూడా ఈ చరిత్రలో ఉంది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారు క్రికెట్ ఆడారు, తర్వాత 2008-09లో దేశవాళీ మహిళల మ్యాచ్‌లకు రిఫరీగా మొదలుపెట్టారు. 2019 మేలో ఐసీసీ ప్యానెల్‌లోకి వెళ్లిన తొలి మహిళా మ్యాచ్ రిఫరీ అయ్యారు. అదే డిసెంబర్‌లో మగవాళ్ల వన్డేకు రిఫరీగా చేశారు. ఆ పని చేసిన తొలి మహిళ కూడా ఆవిడే.

మాకు బాగా నచ్చింది వృందా రాఠీ గారి కథ. ముంబైలో స్కోరర్‌గా మొదలుపెట్టి, అంపైర్ పరీక్ష పాసై, 2023 జనవరిలో రంజీ ట్రోఫీలో నిలబడ్డారు. అదే నెలలో జనని నారాయణన్, గాయత్రి వేణుగోపాలన్ కూడా. రంజీలో మహిళా అంపైర్లు రావడం అదే మొదలు. ఇది చదివాక మాకు మన పోటీలే గుర్తొచ్చాయి. మనం కూడా అక్కలను, చెల్లెళ్లను స్కోర్ బల్ల దగ్గర కూర్చోబెడతాం కదా. రాత బాగుంటుందని. అక్కడితో ఆపేస్తాం. రూల్స్ అన్నీ వాళ్లకే నోటికి వస్తాయి, విజిల్ మాత్రం ఇంకొకరి మెడలో ఉంటుంది.

అందుకే వచ్చే పోటీలకు ముందే మనం నిర్వాహకులను మూడు అడుగుదాం. ఒకటి, రెండు ఫైనల్స్‌కూ సమానంగా, ఒకే స్థాయి అఫీషియల్స్‌ను వేయాలి. రెండు, ఎవరిని ఏ మ్యాచ్‌కు వేశారో ముందురోజే నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూడు, స్కోర్ రాసే అమ్మాయిలకు రిఫరీ శిక్షణ ఇప్పించి, ఆడపిల్లల ఆటకూ మగపిల్లల ఆటకూ వేయాలి.

మా అక్క ఇప్పుడు హాస్టల్ వదిలేసింది. పోయిన పాయింట్ తిరిగి రాదు. కానీ ఆమె చెల్లెలు ఈ ఏడు జట్టులో ఉంది. మీ హాస్టల్లో పరిస్థితి ఎట్లా ఉందో కింద రాయండి.

జై ఆదివాసీ!