మహేశ్వరం మీద కురిసే కిరణాలు: పుట్టుక ఎక్కడ, శక్తి ఎలా?

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా కింద తగిలేది గ్రానైటే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. భూగర్భజలాల లెక్క తేల్చేందుకు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి పరిశీలించిన బండ ఇది. అందులో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి కాబట్టి వికిరణం వెలువడుతూనే ఉంటుంది. మరి ఇక్కడ ఒక వికిరణ మాపకం పెడితే, అది చూపే అంకెలో నేల వాటా ఎంత, ఆకాశం వాటా ఎంత?

వందేళ్ల కిందట చాలామంది శాస్త్రవేత్తలు అంతా నేలదే అనుకున్నారు. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి కొలిస్తే, తగ్గాల్సిన వికిరణం పెరిగింది. అంతకుముందు ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ ఎగిరినప్పుడు కూడా అది తగ్గలేదు. అంటే మూలం సూర్యుడు కాదన్నమాట. విశ్వకిరణాల కథ అక్కడ మొదలైంది. ఇవి పేరుకే కిరణాలు. నిజానికి ఎక్కువభాగం ప్రోటాన్లు, తర్వాత హీలియం, ఇంకా బరువైన కేంద్రకాలు, ఒక శాతం దాకా ఎలక్ట్రాన్లు.

మహేశ్వరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర, టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పాలిథిన్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి పరికరాలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. ఈ ప్రాంతానికి ఒక సహజమైన వీలుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో, నిట్టనిలువుగా దిగే కణానికి ఇక్కడ సుమారు 1,700 కోట్ల వోల్ట్ల కనీస రిజిడిటీ (అయస్కాంత క్షేత్రంలో వంగకుండా నిలిచే సామర్థ్యం) కావాలి. ప్రోటాన్‌కైతే దాదాపు 1,600 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్ట్ల శక్తి ఉండాలి. అంతకు తక్కువ ఉన్నదాన్ని భూమి అయస్కాంత క్షేత్రం పక్కకు తిప్పేస్తుంది. ధ్రువాల దగ్గర ఈ అడ్డు దాదాపు ఉండదు. కాబట్టి హైదరాబాద్ మీద ఎగిరే పరికరానికి శక్తి తక్కువ కణాల రద్దీ లేకుండానే పని జరుగుతుంది.

1960లలో ఆర్.ఆర్. డేనియల్, ఎస్.ఎ. స్టీఫెన్స్ హైదరాబాద్ నుంచి మందపాటి ఫోటో ఎమల్షన్ పలకలను ఎగరవేసి అధికశక్తి ఎలక్ట్రాన్లను వెతికారు. ప్రోటాన్ల గుంపులో ఎలక్ట్రాన్‌ను పోల్చుకోవడం తేలిక కాదు. పదార్థంలో అది కణాల జల్లుగా ఎలా విచ్చుకుంటుందో 1937లో భాభా, హైట్లర్ వేసిన సిద్ధాంతమే అందుకు పునాది. ఎలక్ట్రాన్ల సాక్ష్యానికి నేను ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణముంది: అవి అయస్కాంత క్షేత్రాల్లో తిరుగుతూ, కాంతిని ఢీకొంటూ శక్తిని త్వరగా పోగొట్టుకుంటాయి. లక్ష కోట్ల ఎలక్ట్రాన్‌వోల్ట్ల ఎలక్ట్రాన్ మనల్ని చేరిందంటే దాని మూలం కొన్ని వేల కాంతి సంవత్సరాలలోపే ఉండాలి. ప్రోటాన్‌కు అలాంటి హద్దు లేదు. పైగా గెలాక్సీ క్షేత్రాల్లో వంకరలు తిరిగి వచ్చేసరికి అది ఏ దిక్కు నుంచి బయల్దేరిందో ఆనవాలు మిగలదు.

ఇంత శక్తి వాటికి ఎలా వచ్చింది? 1949లో ఫెర్మీ ఒక దారి చూపాడు. ఎదురొస్తున్న బ్యాటుకు తగిలిన బంతి వేగంగా తిరిగొచ్చినట్టే, కదిలే అయస్కాంత మేఘాలకు తగిలిన కణం సగటున శక్తి పుంజుకుంటుంది. అయితే మేఘాలతో ఆ పని మరీ నిదానం. 1977–78లో పలువురు విడివిడిగా ఇదే ఆలోచనను సూపర్‌నోవా పేలుడు తరంగానికి అన్వయించారు. తరంగానికి అటూ ఇటూ దాటిన ప్రతిసారీ కణానికి ఒకటి రెండు శాతం శక్తి చేరుతుంది, కొన్ని ప్రతి విడతా తప్పించుకుపోతాయి. ఈ రెండూ కలిస్తే శక్తి పెరిగేకొద్దీ కణాల సంఖ్య ఒక క్రమంలో తగ్గే వాలు దానంతట అదే వస్తుంది. శక్తి లెక్క కూడా కుదురుతుంది: పేలుడు శక్తిలో పదో వంతు చాలు.

లెక్క కుదరడం ఒకటి, ఆధారం దొరకడం మరొకటి. 2013లో ఆ ఫెర్మీ పేరుతోనే ఉన్న టెలిస్కోప్ ఐసీ 443, డబ్ల్యూ44 అనే సూపర్‌నోవా శేషాల గామా కాంతిలో, ప్రోటాన్లు ఢీకొంటే పుట్టే పయాన్లనే కణాల ముద్ర చూపింది. ప్రోటాన్లు అక్కడ ఉన్నాయనడానికి అది గట్టి రుజువు. కానీ అక్కడే కొత్తగా వేగం పుంజుకున్నాయా, పాత కణాలే మళ్లీ నెట్టబడ్డాయా అన్న వాదం ఉంది. 2021లో చైనాలోని ఎల్‌హెచ్‌ఏఏఎస్‌ఓ పరిశీలనశాల ఇంకా ఎంతో శక్తిగల గామా వనరులు డజను ప్రకటించింది. వాటిలో కొన్నిటి వెనక ఎలక్ట్రాన్లే ఉండొచ్చు. గామా కాంతి కనిపించినంత మాత్రాన ప్రోటాన్ దొరికినట్టు కాదు.

దాదాపు 3,000 లక్షల కోట్ల ఎలక్ట్రాన్‌వోల్ట్ల దగ్గర వాలు ఒక్కసారి నిటారవుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని మోకాలు అంటారు. మామూలు సూపర్‌నోవా శేషం అక్కడి దాకా ప్రోటాన్లను తోయగలదా అన్నది సందేహమే. మోకాలికి వేల రెట్లు పైన మాత్రం, కణాలు గెలాక్సీ బయటి నుంచే వస్తున్నాయని 2017లో అర్జెంటీనాలోని పియర్ ఓజే పరిశీలనశాల అవి వచ్చే దిక్కుల తేడాతో చూపింది. మోకాలికి దిగువ శక్తుల మీద ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగం 2024లో కొత్త సంగతి చెప్పింది. ప్రోటాన్ల సంఖ్య తగ్గే తీరు 166 లక్షల కోట్ల ఎలక్ట్రాన్‌వోల్ట్ల దగ్గర ఉన్నట్టుండి నెమ్మదిస్తోంది. ఒకే రకం వనరు, ఒకే వాలు అనే సాదా చిత్రం దీనికి సరిపోదు. రెండు రకాల వనరుల కలయిక, మనకు దగ్గరలోని ఒకే వనరు, కణాలు గెలాక్సీలో వ్యాపించే తీరులో మార్పు, ఈ మూడింటిలో దేనితోనైనా దాన్ని వివరించవచ్చు.