అడుగుల లెక్క: కొలగొలుసు నుంచి చేతిపట్టీ దాకా

బ్రిటిష్ సర్వే అధికారి జార్జ్ ఎవరెస్ట్ 1847లో లండన్‌లో అచ్చువేయించిన సర్వే గ్రంథం పేరులోనే ఒక అక్షాంశం కనిపిస్తుంది: 18 డిగ్రీల 3 నిమిషాల 15 సెకన్లు. ఆ గీత మీద ఉన్న ఊరు దామర్‌గిద్ద. బీదర్‌కు పైన, రాయికోడ్‌కు ఉత్తరాన ఉంటుంది. దక్షిణాది కొస నుంచి హిమాలయాల దాకా ఈ దేశాన్ని నిలువునా కొలిచిన గ్రేట్ ఆర్క్‌లో అదొక కీలకమైన మజిలీ. రాయికోడ్ ఉండే జహీరాబాద్ ప్రాంతం అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదర్ జిల్లాలోనే ఉంది. జొన్న చేలు, శనగ చేలు, ఎర్రనేల, నల్లరేగడి కలగలిసిన ఈ నేల మీదే భూగోళం ఆకారాన్ని తేల్చే కొలత ఒకటి జరిగింది.

ఇప్పుడు అదే నేల మీద ఇంకో కొలత నడుస్తోంది. జహీరాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్తే రెండు మూడు వేల రూపాయలకు చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్ దొరుకుతుంది. రోజుకు ఎన్ని అడుగులు వేశారో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, రాత్రి ఎంతసేపు నిద్రపోయారో చెబుతానంటుంది. కొనాలా, వద్దా? షుగర్ వచ్చిందని డాక్టరు నడవమన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట వస్తోంది. అడుగులు లెక్కపెట్టడం నిన్న మొన్న పుట్టిన అలవాటేమీ కాదు. ఆ పాత కథ తెలిస్తే ఈ బేరం తేలికవుతుంది.

తెలుగువాళ్ల పాత దూరాలన్నీ ఒంటితోనే ముడిపడి ఉన్నాయి. చాచిన అరచేతిలో బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు జాన. మోచేతి నుంచి వేలి కొసకు మూర. చేతులు బార్లా చాపితే బార. కేక వేస్తే వినబడేంత దూరం కూతవేటు. ఆ పైన కోసు, ఆమడ. కోసు సుమారు రెండు మైళ్లు అనుకునేవారు గాని ఏ సీమ కోసు ఆ సీమదే. 1780ల్లో హిందుస్థాన్ పటం గీసిన జేమ్స్ రెన్నెల్ ఒక్కో ప్రాంతంలో కోసు ఎంతో సరిపోల్చి సగటు తీయడానికి చాలా తంటాలు పడ్డాడు. నడిచేవాడికి ఆ తేడాతో పనిలేదు. పొద్దు గూకేలోపు ఊరు చేరతామా లేదా అన్నదే అతనికి కావలసిన లెక్క.

ఆ రోజుల్లో ఎవరూ తమ అడుగులు తాము లెక్కపెట్టుకోలేదు. లెక్కపెడితే ఎన్ని తేలేవో ఇప్పుడు కట్టి చూడవచ్చు. ఎకరం, అంటే నలభై గుంటలు. చదరంగా ఉన్న చెలక అయితే ఒక్కో వైపు దాదాపు 70 గజాలు. నాగలి పట్టిన రైతు జానెడు ఎడంతో చాలు పోస్తూ పోతే అటూ ఇటూ 280 చాళ్లు. అన్నీ కలిపితే 19,600 గజాలు, అంటే 11 మైళ్లు. మైలుకు రెండు వేల అడుగుల లెక్కన ఒక్క ఎకరం ఒక్కసారి దున్నితే 22 వేల అడుగులు. ఎద్దులను మలుపుకోవడం, మధ్యలో మేడి సరిచేసుకోవడం, ఇంటి నుంచి చేనుకు పోయి రావడం ఇందులో లేవు. ఆ రైతు అడుగులు ఏ లెక్కకూ ఎక్కలేదు గాని, సాయంత్రానికి దున్నిన చెలక కళ్ల ముందు ఉండేది.

అడుగును లెక్కలోకి తెచ్చింది సర్వే. మూడో మైసూరు యుద్ధం 1792లో ముగిశాక నిజాం రాజ్యంలో సర్వే పని కోలిన్ మెకంజీ చేతికి వచ్చింది. ఆ రోజుల్లో దారి పొడవు కొలవడానికి వాడింది చక్రం. మనిషి దాన్ని నెట్టుకుంటూ నడుస్తుంటే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో పైనున్న ముల్లు చూపేది. మెకంజీ వెంట నడిచి శాసనాలు, కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు) పోగుచేసిన ఏలూరు సోదరులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల వల్లే ఆ సర్వే మన చరిత్రకు ఇంత పనికొచ్చింది. చక్రంతో ఒక చిక్కు ఉండేది. దారి గతుకులైతే, వంకర తిరిగితే, గుట్ట ఎక్కి దిగితే లెక్క పెరిగిపోయేది. నేల తీరును బట్టి అబద్ధం చెప్పే పరికరం అది.

మరో సర్వే అధికారి విలియం లాంబ్టన్ ఈ పొరపాటును వదిలించుకోవాలని పూనుకున్నాడు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద ఫీట్ల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలిచాడు. ఎండకు ఉక్కు సాగుతుంది. అందుకే గొలుసును పెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు ఉంచి, సాగిన మేరకు లెక్క సరిచేశాడు. ఒక గీతను ఇంత జాగ్రత్తగా కొలిచాక మిగతా దేశమంతా త్రిభుజాలే. కొండల మీదా గుళ్ల గోపురాల మీదా అరటన్ను బరువున్న థియోడలైట్ ఎక్కించి, కోణాలు చూసి, దూరాలు లెక్క కట్టారు. అలా ఉత్తరానికి వస్తూ వస్తూ 1815లో లాంబ్టన్ బీదర్ దగ్గరికి చేరాడు. అక్కడ ఇంకో ఆధారరేఖ కొలిచాడు. దామర్‌గిద్దలో నక్షత్రాలను చూసి అక్షాంశం కట్టాడు. 1818లో ఆ సర్వేకు గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పేరు వచ్చింది. అదే ఏడాది ఎవరెస్ట్ హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో మలేరియా బారినపడి చావు తప్పించుకున్నాడు. 1823లో హింగన్‌ఘాట్ దగ్గర లాంబ్టన్ కన్నుమూశాక పని ఎవరెస్ట్ నెత్తికెత్తుకున్నాడు.

కొలత ఎంత గొప్పదైనా ఎవరెస్ట్ దాన్ని అలాగే నమ్మి ఊరుకోలేదు. ఇత్తడి, ఇనుము కడ్డీలను జోడించి, వేడికి కొస బిందువుల మధ్య దూరం మారకుండా కాల్బీ తయారుచేసిన కొత్త పరికరం తెప్పించాడు. 1841లో అతని సహాయకుడు ఆండ్రూ వా దానితో బీదర్ దగ్గర ఆధారరేఖను మళ్లీ కొలిచాడు. లాంబ్టన్ కొలిచిన పాతికేళ్ల తర్వాత, అదే సీమలో, అదే పని. ముందు కొలిచినవాడి మీద గౌరవం లేక కాదు. పరికరం చెప్పినదాన్ని ఇంకో పరికరంతో సరిచూసుకున్నాకే నమ్మాలన్నది వాళ్ల నియమం.

త్రిభుజాలు పనిచేయని చోట సర్వే మళ్లీ మనిషి అడుగునే నమ్ముకుంది. టిబెట్‌లోకి అప్పట్లో తెల్లవాళ్లకు ప్రవేశం లేదు. కుమావూఁలోని మిలాం ఊరి బడిపంతులు నైన్‌సింగ్‌కు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చారు. గుట్ట ఎక్కినా దిగినా, బురదలోనైనా రాళ్లలోనైనా ఒకే పొడవు అడుగు వేయడం ఆ శిక్షణలో ముఖ్యమైన పాఠం. 1865లో యాత్రికుడి వేషంలో బయలుదేరిన అతని చేతి జపమాలకు 108 పూసలు లేవు, వందే ఉన్నాయి. వంద అడుగులకు ఒక పూస జరిపేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. మైలుకు రెండు వేలు కాబట్టి అయిదు మైళ్లు. అలా నెలల తరబడి నడిచి లాసా దాకా దారి పొడవు లెక్క కట్టాడు. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది. అతని దగ్గరి బంధువు కిషన్‌సింగ్ ఒకచోట విధిలేక గుర్రమెక్కవలసి వచ్చినప్పుడు ఆ గుర్రం ముందరి కుడికాలి అడుగులు లెక్కపెట్టాడు.

నైన్‌సింగ్ మాలలో తిరిగిన ఆ పదివేలు నూరేళ్లకు జపాన్‌లో మళ్లీ పుట్టాయి. రెండింటికీ సంబంధం లేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జనంలో వ్యాయామం మీద మోజు పెరిగింది. 1965లో యమసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి ‘మాన్‌పోకెయ్’ అని పేరుపెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రంగా ఉంది, నోటికి ఎక్కింది, అమ్ముడుపోయింది. వైద్య పరిశోధన తేల్చిన హద్దు కాదది, అంగడి పెట్టిన పేరు. ఈరోజు రాయికోడ్‌లో ఎవరైనా కొత్త బ్యాండ్ కట్టుకుంటే మొదటి రోజే కనబడే లక్ష్యం చాలావరకు ఆ పదివేలే.

మలుపు ఇక్కడే ఉంది. అంతవరకూ అడుగును లెక్కపెట్టింది నేలను తెలుసుకోవడానికి. 1965 నుంచి లెక్కపెడుతున్నది ఒంటిని తెలుసుకోవడానికి.

2007లో జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ మొదలుపెట్టిన ఫిట్‌బిట్ 2009లో బట్టలకు తగిలించే క్లిప్పుతో అంగట్లోకి వచ్చింది. 2015లో షావోమి తన ఎంఐ బ్యాండ్‌ను మన దేశంలో 999 రూపాయలకు అమ్మింది. దాంతో ఈ వస్తువు పల్లెల దాకా దిగింది. లోపల ఉన్నది ఇసుకరేణువంత కదిలే బరువు. చేయి ఊగితే అదీ ఊగుతుంది. ఆ ఊపులో ఒకే లయ కనబడితే అడుగు అని ప్రోగ్రాము లెక్కవేసుకుంటుంది. పట్టీ కింది వైపు వెలిగే ఆకుపచ్చ దీపం చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి నాడి చెబుతుంది.

పాత చక్రం గతుకుల దారిలో తప్పినట్టే ఇదీ కొన్ని చోట్ల తప్పుతుంది. జొన్నరొట్టె తడుతున్న ఇల్లాలి చేతులనే తీసుకోండి. పిండి ముద్దను పీట మీద పెట్టి, రెండు అరచేతులతో లయ తప్పకుండా తడుతూ, తిప్పుతూ పోతే రొట్టె గుండ్రంగా సాగుతుంది. పొయ్యి ముందు నుంచి ఒక్క అడుగు కదలకపోయినా చేతి మీది పట్టీ ఆ తట్టుడును నడకని పొరబడవచ్చు. అదే ఆమె నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని చేను నుంచి ఇంటికి వస్తే, ఊగని చేతికి ఉన్న పట్టీ చాలా అడుగులు వదిలేస్తుంది. చేతికి ఊపు ఇచ్చే నడకనే అది గుర్తుపడుతుంది, పనిలో నడిచే నడకను సగం చూసి సగం మరుస్తుంది.

మిగతా అంకెల సంగతీ పరీక్షించారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది చేతులకు ఏడు రకాల పరికరాలు కట్టి చూశారు. ఏడింటిలో ఆరు నాడిని అయిదు శాతం లోపు తేడాతో చెప్పాయి. ఖర్చయిన కేలరీల విషయంలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. చర్మం రంగు ముదురైన కొద్దీ తప్పు పెరిగిందని కూడా వాళ్లు గమనించారు. ‘ఇవాళ ఇన్ని కేలరీలు కరిగాయి’ అన్న అంకె చూసి రెండు మిర్చీబజ్జీలు ఎక్కువ తినేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పదివేల హద్దు కూడా సడలింది. సగటు వయసు 72 ఏళ్లున్న దాదాపు 17 వేల మంది మహిళలపై ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రకటించిన అధ్యయనంలో రోజుకు 2,700 అడుగుల వారికన్నా 4,400 అడుగుల వారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష 7,000 అడుగులను పెద్దవాళ్లకు తగిన లక్ష్యంగా చెప్పింది. మోకాళ్ల నొప్పులున్న అరవై దాటినవాళ్లకు ఇది పెద్ద ఊరట.

మరి కట్టుకుంటే మనిషి ఎక్కువ నడుస్తాడా? నడుస్తాడు. వేల మందిపై జరిగిన అధ్యయనాలను కలిపి 2022లో చేసిన సమీక్షలో రోజుకు సుమారు 1,800 అడుగులు పెరిగినట్టు, బరువు కిలో దాకా తగ్గినట్టు తేలింది. అయితే సింగపూర్‌లో 800 మంది ఉద్యోగులతో జరిపి 2016లో ప్రకటించిన ప్రయోగంలో, ఫిట్‌బిట్లు ఇచ్చినవాళ్లలో ఏడాది తిరిగేసరికి కట్టుకుంటున్నది పదిమందిలో ఒకరే. అమెరికాలో 471 మందిపై రెండేళ్లపాటు జరిపి అదే ఏడాది ప్రకటించిన ప్రయోగంలో మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గితే, పట్టీ కట్టుకున్నవాళ్లు 3.5 కిలోలే తగ్గారు. డబ్బు పెట్టే ముందు ఈ రెండో వైపు లెక్కలనూ చూడాలి.

అయినా మన దగ్గర నడక సంగతి తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఐసీఎంఆర్ సర్వే 2023లో దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని లెక్క తేల్చింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కాలిబాట పోయి మోటారుసైకిలు వచ్చింది. 22 వేల అడుగుల చెలక ఇప్పుడు కూర్చుని దున్నే చెలక. కుర్చీలో పొద్దు గడిపే ఉద్యోగికి, దుకాణదారుకు, కొత్తగా షుగర్ తేలినవాడికి నడకను గుర్తుచేసేది ఏదైనా ఒకటి అవసరమే. అలాంటివాళ్లు ముందు జేబులో ఉన్న ఫోన్ చూసుకోవాలి. చాలా ఫోన్లు అడుగులు లెక్కపెడతాయి, దానికి పైసా ఖర్చులేదు. నెల రోజులు ఆ అంకె చూసి నడక పెరిగితే, ఫోన్ ఇంట్లో వదిలి నడిచే అలవాటుంటే, అప్పుడు చవకరకం బ్యాండ్ కొనుక్కోవచ్చు. కూలికి, వ్యవసాయానికి పొద్దంతా కాళ్ల మీదే ఉండేవాళ్లకు దానితో కొత్తగా తెలిసేది తక్కువ. గుండె దడ, ఆయాసం ఉన్నవాళ్లు పట్టీ మీది అంకెతో ఊరుకోకుండా డాక్టరు దగ్గర ఈసీజీ తీయించుకోవాలి.

కొన్నవాళ్లు మొదటి వారంలోనే దాన్ని పరీక్షించుకోవచ్చు. తెల్లవారుజామున రాయికోడ్ నుంచి జహీరాబాద్ వైపు పోయే రోడ్డు మీద రెండు కిలోమీటరు రాళ్ల మధ్య నడవాలి. కుడి జేబులో ఇరవై చింతగింజలు వేసుకుని, నైన్‌సింగ్ పూస జరిపినట్టు, వంద అడుగులకు ఒక గింజ ఎడమ జేబులోకి మార్చాలి. రెండో రాయి దగ్గరికి వచ్చేసరికి పదమూడో పద్నాలుగో గింజలు మారి ఉంటాయి. అప్పుడు పట్టీ మీది అంకె చూడాలి. తేడా అరవై డెబ్బై అడుగులకు మించకపోతే దాని లెక్క వాడుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో నెత్తిన ఒక మూట పెట్టుకుని, పట్టీ ఉన్న చేత్తో దాన్ని పట్టుకుని, గింజలన్నీ తిరిగి కుడి జేబులో వేసుకుని మళ్లీ లెక్కపెడుతూ మొదటి రాయి దాకా నడిచి చూడాలి.