తాళములేని విద్య



నేఁటి వయోజనవిద్యయందు రెండు క్రొత్త మాటలు తఱచుగా వినవచ్చుచున్నవి. ఒకటి ఓపెన్ సోర్సు సాఫ్టువేరు, రెండవది ఆన్‌లైను చదువు. ఇవి పట్టణములకును ఉద్యోగులకును చెందినవని, బోనకల్లు వంటి పల్లెలకు వీనితో పని లేదని కొందఱి తలంపు. ఈ రెంటి వెనుకనున్న భావములు మనకు క్రొత్తవి కావనియు, వీనివలన మనకు గలుగు లాభనష్టములను మనమే విచారించుకొనవలె ననియు చూపుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మొదట తాళపత్రముల కాలమును తలంతము. ఆనాఁడు ఒక గ్రంథము కావలసినవాఁడు అది కలవాని యింటికిఁ బోయి, ప్రతి వ్రాసికొని తెచ్చుకొనెడివాఁడు. పండితుఁడు దానికి టీక వ్రాయును. తప్పు కనిపించినచో వేఱొకఁడు సవరించును. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు ఆరంభించిన మహాభారతమును పదుమూఁడవ శతాబ్దమున తిక్కన సాగించెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన మిగిలిన భాగమును పూరించెను. మూఁడు శతాబ్దముల పనిని ముగ్గురు పంచుకొనిరి. ఇది మన గొప్ప. ఐనను మఱియొక సత్యమును దాఁచరాదు. గ్రంథము తెఱచియున్నను బడి తలుపు అందఱికిని తెఱచియుండలేదు. స్త్రీలకును, శ్రమజీవులగు కులములవారికిని ఆ చదువు తఱచుగా అందలేదు. కావున గ్రంథమునకు తాళము లేకుండుట యొక్కటియే చాలదు. దానియొద్దకుఁ బోవు దారియు ఉండవలెను.

ఆ దారిని వేయుటకు పూనుకొన్నది గ్రంథాలయోద్యమము. నిజాము రాజ్యమున ప్రభుత్వవ్యవహారములును పైతరగతుల చదువును ఉర్దూలో జరుగు దినములవి. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము ఊరూర గ్రంథాలయములు, పాఠశాలలు నెలకొల్పుటను తన ఆశయములలోఁ జేర్చుకొనెను. 1925లో మన పొరుగుననే మధిరలో గ్రంథాలయ మహాసభ జరిగినది. సభలు జరుపుకొనుటకు సర్కారు అనుమతి వలయునను నిర్బంధములు ఆ రాజ్యమున నుండెను. అట్టి దినములలో తెలుఁగు పుస్తకమును పదిమంది కూర్చుండి చదువుటయే ఒక సాహసము.

ఈ ఉద్యమమునకు మూలపురుషులలో నొకరు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారు 1877లో జన్మించిన పెనుగంచిప్రోలు మనకు దూరము కాదు. 1906లో వారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, శాస్త్రములను సామాన్యుల కందు భాషలో అచ్చువేయించిరి. పిదప ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టిరి. 1915 మొదలు వెలువడిన మూఁడు సంపుటములును ‘అ’ అను మొదటి యక్షరమును దాఁటకమునుపే, 1923లో పంతులుగారు స్వర్గస్థులైరి. ఆ మహాకార్యము అంతటితో నిలిచెను.

ఈ కథలోని గుణపాఠమును గమనింపుఁడు. పంతులుగారి సంకల్పము చిన్నది కాదు. కాని భారమంతయు ఒక్కరి భుజములపై నుండెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుఁగు వికీపీడియా అదే సంకల్పమును వేఱు మార్గమునఁ బట్టినది. అందు జీతము లేని వేలమంది కలసి వ్రాయుదురు. ఒకరి తప్పును మఱియొకరు దిద్దుదురు. ఎవ్వరైనను ఉచితముగాఁ జదువవచ్చును, ప్రతి తీసికొనవచ్చును. నేఁడు అందు సుమారు లక్ష వ్యాసములు గలవు. అందలి ప్రతివాక్యమును పండితామోదము పొందినదని నే ననను, తప్పులును గలవు. కాని వ్రాయువాఁ డొకఁడు పోయినను వ్రాఁత ఆఁగదు.

ఇఁక ఓపెన్ సోర్సు సాఫ్టువేరు అన నేమి? కంప్యూటరు చేత పని చేయించు ఆజ్ఞల సముదాయమే సాఫ్టువేరు. రైతు నాగలి కొనినచో, అది విఱిగిన నాఁడు ఏ వడ్రంగియైనను బాగుచేయును. తన నేలకుఁ దగినట్లు చెక్కించుకొనవచ్చును. పొరుగువానికి ఎరువు ఇయ్యవచ్చును. నాగలి కొన్నను విప్పి చూడరాదు, మా మనిషి తప్ప మఱెవ్వఁడును ముట్టరాదు, ప్రతియేఁడును అద్దె కట్టవలె నన్నచో రైతు ఒప్పుకొనునా? పెక్కు సాఫ్టువేరులు అట్టి షరతులతోనే అమ్ముడుపోవుచున్నవి. ఈ పద్ధతి తగదని, అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన రిచర్డు స్టాల్మను 1983లో గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. సాఫ్టువేరును వాడుకొనుటకు, విప్పి చదువుటకు, ఇతరులకుఁ బంచుటకు, మార్చి ఆ మార్పును లోకమున కిచ్చుటకు స్వేచ్ఛ యుండవలెనని ఆయన వాదము. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు లినక్సును లోకమున కిచ్చెను. ఓపెన్ సోర్సు అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చెను. నేఁడు మన పల్లెలలో పెక్కుమంది చేతనున్న ఆండ్రాయిడు ఫోనునకు లోపలి పునాది ఆ లినక్సే.

దీనికిని వయోజనవిద్యకును సంబంధ మేమందురా? ఒకటి, ఖర్చు. లైసెన్సు గడువు తీఱుటచేత కంప్యూటరులు పనికిరాక మూలఁబడియున్న విద్యాకేంద్రము నొకదానిని నేను చూచియుంటిని. యంత్రములు చెడలేదు, విద్యుత్తు కలదు, నేర్వగోరువారు కలరు. లేనిది అనుమతి యొక్కటియే. రెండవది భాష. తెలుఁగు చదువువానివలన లాభము కనఁబడువఱకు వ్యాపారి వేచియుండును. మూలము తెఱచియున్న సాఫ్టువేరును తెలుఁగు చేసికొనుటకు మన మెవ్వరి కొఱకును వేచియుండ నక్కఱలేదు. హైదరాబాదునఁ బుట్టిన ‘స్వేచ్ఛ’ సంస్థవారు విద్యార్థులను కూర్చుకొని కంప్యూటరు తెరపై తెలుఁగు మాటలను నిలిపిరి. పోతన, వేమన అను పేర్లుగల తెలుఁగు లిపులను దేశికాచారిగారు రూపొందించి ఉచితముగా నొసఁగిరి.

రెండవ మాట ఆన్‌లైను చదువు. నేర్చువాని వీలునుబట్టి చదువు నడువవలె ననుట దీని సారము. రాత్రిబడులు పుట్టినది ఈ కారణముచేతనే. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజనవిద్యా కార్యక్రమమును, 1988లో జాతీయ సాక్షరతా మిషనును ఆరంభమైనవి. ఉపాధ్యాయుఁడనుగా నేను గమనించినది చెప్పెదను. మిరపకాయలు ఏఱు దినములలో రాత్రిబడి ఖాళీ యగును. నాట్ల దినములలో స్త్రీలు పలక పట్టుకొని కునుకుదురు. వారికి చదువుపై ఇచ్ఛ లేక కాదు, వేళ కుదురక. 1982లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, భారతదేశమున అట్టివానిలో మొదటిది, ఈ చిక్కును గుర్తించెను. ఇంటర్మీడియటు చదువనివారికిని అర్హతాపరీక్ష పెట్టి డిగ్రీలోఁ జేర్చుకొనెను. పాఠములను పుస్తకములుగాఁ బంపెను, రేడియోలో వినిపించెను. 1991లో దానికి డాక్టరు అంబేడ్కరుగారి పేరు పెట్టిరి. ఆ సంవత్సరముననే బడి మానినవారికొఱకు ఓపెన్ స్కూల్ సొసైటీయు ఏర్పడెను.

చదువు అందిన నేమగునో నెల్లూరుజిల్లా చెప్పును. 1992 ప్రాంతమున దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు సాక్షరతా పాఠపుస్తకములోని సారా వ్యతిరేక పాఠమును చదివి, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్ర మంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1న ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ పాఠము వారి బ్రతుకును గూర్చినది, వారి మాటలలోనున్నది. వారు దానిని నలుగురు కలసి చదివిరి. ఈ మూఁడును లేనిచో అది యక్షరములుగానే మిగిలిపోయెడిది.

నేఁటి సాధనములను ఈ గీటురాతిపై ఒరసి చూడవలెను. 2017లో వచ్చిన దీక్ష అను ప్రభుత్వ విద్యావేదిక ఓపెన్ సోర్సు పునాదిపైఁ గట్టఁబడినది. పదునైదేండ్లు దాఁటిన నిరక్షరాస్యులకొఱకు 2022లో నూతన పథకము మొదలైనది, దానికిఁ బిదప ఉల్లాస్ అను పేరు వచ్చినది. దానికి ఫోనులోని యాపును గలదు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ తయారుచేసిన మూడిల్ అను సాధనముతో ఎవ్వరైనను సొంత పాఠశాలను తెరపై నడుపవచ్చును. 2011 జనాభా లెక్కలలో తెలంగాణమున అక్షరాస్యులు నూటికి సుమారు 66 మందియే. కావున ఈ సాధనములు అవసరములే. ఐనను, అక్షరమే రానివాఁడు ఫోనులోని పాఠమును వెదకుట యెట్లు? ఇంట నున్న ఒక్క ఫోను కొడుకుచేత నున్నచో తల్లి చదువుట యెప్పుడు? మూలము తెఱచిన సాఫ్టువేరు తాళమును తీయును. చేయిపట్టి లోనికిఁ దీసికొనిపోదు.

ఆ పని మనది. పెద్దలారా, పంచాయతీలో కంప్యూటరు కొనునపుడు ఇందలి సాఫ్టువేరునకు ఏఁటేఁట పైకము కట్టవలెనా అని యడుగుఁడు. ఊరి గ్రంథాలయమున పత్రికల సరసన ఒక తెరకును చోటిండు. ఇంటర్మీడియటు చదువు పిల్లలలో ఒక్కొక్కనికి ఒక్కొక్క పెద్దను అప్పగింపుఁడు. వారమునకు రెండు సాయంకాలములు చాలును. మన యూరి చెఱువుల పేర్లు, పంటల తీరు, పెద్దలకుఁ దెలిసిన మందుమొక్కల వివరములు పిల్లలచేత తెలుఁగున వ్రాయించి లోకమునకుఁ బంపుఁడు. అందఱి సొత్తైన జ్ఞానభాండారమునుండి తీసికొనువారు దానికిఁ గొంత చేర్చుటయు ధర్మమే. కొమఱ్ఱాజువారు ‘అ’కారముతో విడిచిపోయిన పని అట్లే ముందుకు సాగును.