ఆలివ్ నూనె తాగితే పిత్తాశయ రాళ్లు పడిపోతాయా?

తెనాలి, బాపట్ల, రేపల్లె: ఐదు రోజులు ఆపిల్ రసం. ఆరో రోజు రాత్రి భోజనం మాని ఎప్సమ్ ఉప్పు నీళ్లు, పడుకునే ముందు నిమ్మరసం కలిపిన ఆలివ్ నూనె. తెల్లవారేసరికి విరేచనంలో ఆకుపచ్చని రాళ్లు! ఒకప్పుడు ఈ-మెయిళ్లలో ప్రచారమైన ఈ చిట్కా ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. కంటికి కనిపించినదాన్ని కాదనడం కష్టమే. అయితే అవి పిత్తాశయంలో ఉన్న రాళ్లేనా?

ఇలాగే నూనె, నిమ్మరసం తాగిన 40 ఏళ్ల మహిళ తనకు పడిన 'రాళ్ల'ను న్యూజిలాండ్‌లో వైద్యులకు చూపించింది. ఆ పరీక్షల వివరాలు 2005లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడ్డాయి. 40 డిగ్రీల సెల్సియస్ వేడికి అవి పది నిమిషాల్లో కరిగి పచ్చని నూనెగా మారాయి. అసలు రాళ్లలో ఉండవలసిన కొలెస్ట్రాల్, బిలిరుబిన్, కాల్షియం వాటిలో లేవు. సుమారు 75 శాతం కొవ్వు ఆమ్లాలే. అంటే తాగిన నూనె, నిమ్మరసం జీర్ణరసాలతో కలిసి కడుపులోనే సబ్బు ఉండలుగా మారాయన్నమాట. ఆమె అసలు రాళ్లను తరువాత ల్యాప్రోస్కోపిక్ శస్త్రచికిత్సతోనే తొలగించారు.

మూత్రపిండాల్లోని చిన్న రాళ్లు మూత్రంతో పడిపోవడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. పిత్తాశయానికీ అదే వర్తిస్తుందనుకోవడం పొరపాటు. దీని నుంచి పైత్యరసం బయటకు వచ్చే నాళం వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. ఒక్కసారిగా అంత నూనె తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది. అప్పుడు చిన్న రాయి కదిలి నాళంలో ఇరుక్కుంటే కామెర్లు, క్లోమగ్రంథి వాపు రావచ్చు. ఎప్సమ్ ఉప్పు మూత్రపిండ రోగులకు మరింత ప్రమాదం.

ఇక్కడే మరో చిక్కు ఉంది. కళ్లు పచ్చబడగానే నేల ఉసిరి పసరు కోసం వెళ్లడం పల్లెల్లో పాత అలవాటు. నాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు పసరుకు తగ్గవు, ఆ లోగా విలువైన రోజులు గడిచిపోతాయి. కామెర్లతోపాటు చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి, తెల్లని విరేచనం, ఒంటి దురద ఉంటే పత్యాలతో కాలయాపన చేయక తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని ప్రభుత్వ ఆసుపత్రికి, అవసరమైతే అక్కడి నుంచి గుంటూరు జీజీహెచ్‌కు వెళ్లాలి.

చిట్కా పాటించి రాళ్లు పోయాయనుకునేవారు మళ్లీ అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకుంటే నిజం తేలిపోతుంది. స్కాన్‌లో రాళ్లు కనిపించినా నొప్పి లేనివారిలో చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు కాల్షియం లేని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే, అదీ నెలల తరబడి వాడితేనే పనిచేస్తాయి. మానేశాక రాళ్లు మళ్లీ ఏర్పడవచ్చు. తరచూ నొప్పి వచ్చేవారికి పిత్తాశయాన్ని తొలగించడమే సరైన చికిత్స. అది లేకపోతే అన్నం అరగదేమోనన్న భయం అక్కరలేదు. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. ఆపరేషన్ తరువాత అది నేరుగా పేగులోకి చేరుతుంది.